ఉఫ్

కాశీబుగ్గలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
రూటరు కళ్లు నులుముకునే ఆ రెండు నిమిషాలూ
నా చేతులకి పని ఉండేది కాదు.
ఇప్పుడు కరెంటున్నా అంతే.

పదకొండేళ్లు ఒక బ్యాంకు తెర మీద
జనం చేయబోయే పొరపాట్లన్నీ ముందే చేసిపెట్టాను.
పుట్టిన తేదీ గడిలో ఫిబ్రవరి ముప్పై,
ఫోను గడిలో ఇంటి చిరునామా,
సగం డబ్బు కట్టాక వెనక్కి.
కోపమొచ్చినవాడిలా నొక్కాను,
కళ్లజోడు మరిచినవాడిలా నొక్కాను,
క్యూలో వెనకాల మనిషి తోస్తున్నట్టు నొక్కాను.
అదీ నా విద్య.

మొదటి ఏడాదే ఒకటి దొరికింది.
పేరు గడిలో అమ్మని నింపాను: బమ్మిడి అప్పలనరసమ్మ.
'అప్పలనర' దగ్గర కోసేసింది.
లోపం నంబరు రెండు వందల పదిహేడు.
సరిచేయడానికి వాళ్లకి ఎనిమిది నెలలు.
అప్పన్న పేరు పెట్టుకున్న సగం జిల్లా
అన్నాళ్లూ ఆ కాగితాల్లో తోక లేకుండా తిరిగింది.

మొన్న ఏప్రిల్లో ఇళవరసన్ గారు మీటింగు పెట్టారు.
నాలుగు వేల టెస్టులు, నలభై నిమిషాలు.
మనుషులు అక్కర్లేదు అనలేదు, మర్యాదస్తుడు,
"మనుషులు ఇంకా పెద్ద పనులు చేసుకోవచ్చు" అన్నాడు.
మైకులు మూసుకున్న చతురస్రాలు తలలూపాయి.

నా వేళ్లకి తెలిసిందంతా నేనే రాసిచ్చాను.
ఇది నొక్కు. మూడు సెకన్లు ఆగు. ఇక్కడ చూడు.
'ఎందుకో తేడాగా ఉంది' అని రాయబోతే
కింద ఎర్రగీత పడింది.

ఇప్పుడు రాత్రి రెండింటికి అదే లేస్తుంది, అదే నడుస్తుంది.
పొద్దున్నకి రిపోర్టు, పేడతో అలికిన వాకిల్లా పచ్చగా.
మధ్యలో నలభయ్యో యాభయ్యో ఎర్రచుక్కలు.
వాటిలో నిజం తప్పులు రెండో మూడో,
మిగతావి సర్వరు నిద్రమత్తు.
ఏరడమే నా ఉద్యోగం.
తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం,
గ్రూపులో ఇప్పుడు ఇద్దరమే గుడ్ మార్నింగ్ చెప్పుకుంటాం.

అమ్మకి చెప్పాను.
జాలిపడలేదు.
"మాకూ ఒచ్చినాది కదే, కెమేరా మిషను.
పప్పు కిందికి పడీలోపల సూసీడం,
మచ్చుంటే ఉఫ్ మని గాలితో ఊదీడం.
పన్నెండుగురం కూకున్న బల్ల కాడ నన్నొక్కదాన్ని ఉంచినారు.
దేనికనుకున్నావు?
అది ఊదీసిన దాన్లో మంచియి ఏరడానికి.
అద్దం మీద దుమ్ము పడితే దానికి గుండూ మచ్చే, బద్దా మచ్చే."

మిగతా పదకొండుమందీ?
"తవిటమ్మ పకోడీల బండి ఎట్టినాది.
మిగిలినోలు... ఏటో."

ఆ వేళ్ల మీద గీతలు లేవు.
గ్రేడింగుకి ముందు ఆరేళ్లు పిక్కలు కొట్టింది,
జీడిరసం ముద్రలు తినేసింది.
రేషను షాపులో మిషను ఆమెని నెలనెలా కాదంటుంది.
దాన్ని పరీక్షించినవాళ్లు ఎవరి వేళ్లతో పరీక్షించారో.

మాట మార్చాలని అన్నాను:
నీ పేరు ఆ టెస్టులో ఇంకా ఉందమ్మా.
రోజూ రాత్రి నీకో ఖాతా తెరుస్తుంది,
రూపాయి వేస్తుంది,
తెల్లారేలోగా మూసేస్తుంది.

చింతపండులో పిక్కలు తీస్తూ అడిగింది:
"మూసీసినప్పుడు ఆ రూపాయి ఎటెల్తాదే?"

నాలుగు వేలూ వెతికాను.
ఖాతా మూతపడిందా? పచ్చ.
నిల్వ సున్నాయా? పచ్చ.
రూపాయి ఎవరికి చేరిందని
ఎవరూ రాయలేదు.
నేనూ రాయలేదు.

రాత్రి పదకొండు. కరెంటుంది.
స్క్రిప్టుని పడుకోనిచ్చి చేత్తో తెరిచాను.
బ. మ్మి. డి.
వెనకాల ఎవరూ తోయడం లేదు.
రూపాయి వేసి, మూసే బొత్తాం మీద వేలు పెట్టానో లేదో
చాప మీంచి లేచొచ్చింది.
"ఉండే. నన్నూ సూడనీ."